చెయ్యాలి అన్నారు సరే, ఎవరు?

"సాయంత్రంలోపు డేటాబేస్ బ్యాకప్ తీసుకోవాలి." వీడియో కాల్‌లో ఎవరో ఈ మాట అంటారు. ఎనిమిదిమంది వింటారు. ఇద్దరు తలూపుతారు, ఒకరు 'అవునవును' అంటారు, కాల్ అయిపోతుంది. మర్నాడు పొద్దున చూస్తే బ్యాకప్ లేదు. ఎవరినడిగినా ఒకటే జవాబు: "మీరు తీస్తారనుకున్నా."

ఇందులో బద్ధకం పాలు తక్కువ, వ్యాకరణం పాలు ఎక్కువ. 'తీసుకోవాలి', 'చెయ్యాలి', 'పంపాలి' అనే రూపాల్లో కర్త గుర్తు ఉండదు. నేను చెయ్యాలన్నా, నువ్వు చెయ్యాలన్నా, వాళ్ళు చెయ్యాలన్నా క్రియ మారదు. ఆఫీసులో ఈ లోటును కళ్ళు పూడ్చేవి. టీమ్‌ని నడిపే లీడ్ ఆ మాట అంటూ ఎవరివైపు చూస్తే పని వాళ్ళదని గదిలో అందరికీ తెలిసిపోయేది. వీడియో కాల్‌లో లీడ్ చూసేది కెమెరాని, లేదంటే తెర మూల ఉన్న చిన్న డబ్బాని. ఆ చూపు ఎవరికీ తగలదు.

ఇంటి నుంచి పనిచేసే టీమ్‌లలో మాట ఎక్కడ జారిపోతోందని వెతికితే చాలాసార్లు ఇలాంటి చోటే దొరుకుతుంది. మాట తక్కువై కాదు. మాట పక్కన ఆఫీసు చూపించే సంగతులు కనపడక. ఇది తెలుసుకోని మేనేజర్లు 'కమ్యూనికేషన్ సరిగా లేదు' అని రోజుకు ఇంకో కాల్ పెడతారు. ఎనిమిదిమందితో అరగంట కాల్ అంటే నాలుగు పనిగంటలు. అది అయ్యాక కూడా బ్యాకప్ ఎవరిదో తేలదు.

ఆఫీసు ఊరికే చేసిపెట్టిన పని

ఒకే గదిలో కూర్చున్నప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలిసేవి చాలా ఉంటాయి. పక్క సీటు అతను రెండు గంటలుగా ఒకే ఎర్రర్ వైపు చూస్తున్నాడు. టెస్టర్ ఇవాళ సెలవు. మేనేజర్ ఫోన్‌లో గొంతు పెంచాడంటే క్లయింట్ కోపంగా ఉన్నాడు. టీ దగ్గర ఎవరో 'ఆ ఫీల్డ్ తీసేస్తున్నారట' అన్నారు. ఇవేవీ మీటింగులు కావు. కానీ పని ఏ దశలో ఉందో, ఎక్కడ ఆగిందో ఇవే చెప్పేవి.

దూరం పెరిగితే ఈ ఎరుక ఎంత త్వరగా తగ్గుతుందో ఎంఐటీలో థామస్ అలెన్ 1970లలోనే పరిశీలించాడు. ఇంజినీర్ల బల్లల మధ్య కొన్ని పదుల మీటర్ల దూరం వచ్చేసరికే, పని గురించి మాట్లాడుకోవడం బాగా పడిపోతుందని తేలింది. ఒకే భవనంలోనే ఆ సంగతి. ఇప్పుడు ఒకరు కూకట్‌పల్లిలో, ఒకరు గాజువాకలో, ఒకరు డాలస్‌లో ఉంటున్నారు.

2021లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో మైక్రోసాఫ్ట్ అధ్యయనం ఒకటి వచ్చింది. అమెరికాలోని 61 వేలకు పైగా ఉద్యోగుల 2020 తొలి ఆరు నెలల చాట్‌లు, కాల్స్, మెయిళ్ళ లెక్కలు అందులో చూశారు. అందరూ ఇళ్ళకు వెళ్ళాక సొంత గుంపులో వాళ్ళు ఇంకా దగ్గరయ్యారు, వేరే గుంపులతో ఉన్న వంతెనలు తగ్గాయి. కాబట్టి 'మా టీమ్‌లో బాగానే మాట్లాడుకుంటున్నాం' అనే లీడ్ మాట నిజమే కావచ్చు. తెగిపోయింది పక్క టీమ్‌తో, టెస్టింగ్ వాళ్ళతో, సపోర్ట్ వాళ్ళతో. అది లోపలివాళ్ళకి కనపడదు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఐదుగురు ఉంటే ఇద్దరిద్దరిగా మాట్లాడుకునే జంటలు 10. ఎనిమిదిమంది అయితే 28, పన్నెండుమంది అయితే 66. అందరూ అందరితో విడివిడిగా చాట్ చేసి సమాచారం చేరవేసుకోవడం పన్నెండుమంది దగ్గర ఇక సాగదు. అందుకే సమాచారం మనుషుల దగ్గర కాకుండా ఒక చోట ఉండాలి. ఎవరికి కావాలన్నా, ఎవరినీ లేపకుండా వెళ్ళి చూసుకునే చోట. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క అవసరం నుంచే పుట్టాయి.

మాటల మడతలు

టూల్స్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. భాష గురించి చెప్పేవాళ్ళు తక్కువ. కానీ తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చాట్ చేసే టీమ్‌లలో సగం చిక్కులు ఇక్కడే పుడతాయి, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మొదటిది 'మనం', 'మేము'. తెలుగులో ఇవి వేరువేరు. 'మనం సరిచేద్దాం' అంటే వినేవాళ్ళూ అందులో ఉన్నారు. 'మేము సరిచేస్తాం' అంటే వాళ్ళకు సంబంధం లేదు. ఇంగ్లీషు 'వి'లోకి రాగానే ఈ తేడా పోతుంది. 'వి విల్ ఫిక్స్ ఇట్' అని విశాఖలోని డెవలపర్ 'మనం' అన్న అర్థంతో రాస్తాడు. అంటే క్లయింట్ వైపు నుంచి సర్వర్ అనుమతులు వస్తే ఇద్దరం కలిసి చేద్దామని. డాలస్‌లో ఆ సందేశం చదివిన క్లయింట్ మనుషులు 'మేము చేస్తాం' అని అర్థం చేసుకుని నిశ్చింతగా ఉంటారు. మూడు రోజుల తర్వాత ఇరువైపులా కోపం. మందు తేలిక: పని ఒప్పుకునే వాక్యంలో 'వి' వాడకూడదు, పేరు రాయాలి. ఇద్దరి పని అయితే రెండు వాక్యాలు రాయాలి.

రెండోది 'చూస్తాను'. తెలుగులో 'చేస్తాను', 'చూస్తాను' అనే రూపం రేపటికీ పనికొస్తుంది, రోజూ చేసే అలవాటుకీ పనికొస్తుంది. 'టెస్టింగ్ నేను చూస్తాను' అంటే ఈ టికెట్ (నంబరు వేసి నమోదు చేసిన ఒక్కో పని) టెస్టింగ్ ఇప్పుడు చేస్తానని మాట ఇచ్చినట్టా, టెస్టింగ్ విభాగం నాదేనని పరిచయం చేసుకున్నట్టా? పైగా పెద్దవాళ్ళు అడిగిన పనిని కాదనలేనప్పుడు మనం వాడే మర్యాదమాట కూడా ఇదే. 'చూస్తాను సార్', 'ట్రై చేస్తాను', 'అయిపోతుంది లెండి'. ఎదురుగా ఉంటే ఆ సాగదీతలోనే 'కుదరదు' అన్నది వినపడుతుంది. చాట్‌లో 'విల్ ట్రై' అని పడేసరికి అవతలి మనిషి దాన్ని ఒప్పుకోలుగానే లెక్కేసుకుంటాడు.

ఇక్కడ తప్పు జవాబు చెప్పినవాళ్ళది మాత్రమే కాదు. 'శుక్రవారానికి అవుతుందా?' అని అడిగితే మన దగ్గర 'అవుతుంది' తప్ప ఇంకో జవాబు రావడం కష్టం. ప్రశ్న మార్చాలి. 'దీంట్లో ఎన్ని ముక్కలున్నాయి, ఏది మొదట అవుతుంది?', 'శుక్రవారానికి అవ్వాలంటే ఇంకేది పక్కనపెట్టాలి?', 'ఇది ఆగిపోతే దేని వల్ల ఆగుతుంది?' ఇలా అడిగితే 'కాదు' అనకుండానే అసలు పరిస్థితి చెప్పే దారి దొరుకుతుంది. ఒప్పుకున్న పనిని కూడా మూడు సంగతులతోనే నమోదు చెయ్యాలి: ఎవరు, ఏది, ఏ తేదీ ఏ సమయం. మూడిట్లో ఒకటి లేకపోతే అది ఇంకా ముచ్చటే.

మూడోది మన ఇంగ్లీషు. 'ప్లీజ్ రివర్ట్' అంటే మనకి 'జవాబు ఇవ్వండి'. అమెరికా ఇంజినీరుకి 'పెట్టిన కోడ్ వెనక్కి తీసెయ్యండి'. రిలీజ్ రోజున ఈ మాట వాడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మనకి ప్రశ్న, వాళ్ళకి అనుమానం. 'ప్రీపోన్' మన దేశం దాటితే చాలామందికి తెలియదు. మన తప్పులే అనుకోనక్కర్లేదు, వాళ్ళలో వాళ్ళకీ ఉన్నాయి. మీటింగులో ఒక విషయాన్ని 'టేబుల్' చేద్దామంటే బ్రిటన్‌లో చర్చకు తెద్దామని, అమెరికాలో పక్కన పెడదామని.

తేదీల గొడవ ఇంకా మోటుగా ఉంటుంది. 03/04 అంటే మనకి ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. నెలను అక్షరాల్లో రాస్తే ఈ బాధే ఉండదు. 'ఈఓడీ' (ఎండ్ ఆఫ్ డే) అంటే ఎవరి రోజు ముగింపు? 'నెక్స్ట్ ఫ్రైడే' అంటే వచ్చే శుక్రవారమా, ఆపై శుక్రవారమా? ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం: హిందీలో నిన్నటికీ రేపటికీ ఒకే మాట 'కల్', మనకి ఆ తిప్పలు లేవు. అయినా 'రేపు' అనే బదులు 'గురువారం' అనడమే మేలు. రాసినప్పుడు బుధవారమే అయినా చదివేటప్పటికి గురువారం అయిపోవచ్చు.

రాతలో గొంతు వినపడదన్నది అందరికీ తెలుసు. కానీ తమ రాతలో వినపడుతుందనే ప్రతివాళ్ళూ నమ్ముతారు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం దీన్ని పరీక్షించింది. వెటకారమో, గంభీరమో అవతలివాళ్ళు పసిగడతారని రాసినవాళ్ళు గట్టిగా నమ్మారు. మెయిల్ చదివినవాళ్ళు మాత్రం బొమ్మాబొరుసు వేసినదానికంటే కొద్దిగానే మెరుగ్గా ఊహించగలిగారు. అదే మాట గొంతుతో వింటే చాలావరకు సరిగ్గా పట్టుకున్నారు. కాబట్టి తప్పు ఎత్తిచూపడం, జీతం, పనితీరు లాంటివి చాట్‌లో వద్దు, ఫోన్ చెయ్యాలి. ఒకే విషయం మీద చాట్‌లో మూడు రౌండ్లు దాటితే కూడా ఫోన్ చెయ్యాలి. చేశాక తేలినదాన్ని రెండు వాక్యాల్లో అదే చాట్‌లో రాయాలి. ఈ చివరి మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు.

తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న టీమ్‌లో ఒక తమిళ అమ్మాయో, ఒక బిహారీ అబ్బాయో ఉంటే ఇంకో సంగతి ఉంది. కాల్ మధ్యలో ఇద్దరు తెలుగులోకి జారుకుంటారు, నిమిషంలో చిక్కు విడిపోతుంది, అందరూ హాయిగా ముందుకెళ్తారు, ఆ ఒక్కరు తప్ప. తెలుగులో మాట్లాడుకోవడం తప్పేమీ కాదు. ఆ నిమిషంలో తేలిన సంగతిని అందరికీ తెలిసిన భాషలో ఛానెల్‌లో, అంటే టీమ్ అంతా చూసే చాట్‌లో, రాయకపోవడం తప్పు.

డాలస్‌లో తొమ్మిదైతే

మన గడియారం ఏడాదంతా ఒకటే. అమెరికాది కాదు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. డాలస్‌లో ఉదయం 9 అంటే మనకి వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. బ్రిటన్‌ది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. అంటే మార్చిలో రెండు మూడు వారాలు అమెరికా మారి ఉంటుంది, లండన్ మారి ఉండదు. మూడు దేశాల టీమ్ అయితే ఆ వారాల్లో ఎవరో ఒకరు కాల్‌కి గంట ముందో వెనకో రావడం దాదాపు ఖాయం.

పరిష్కారం: ప్రతి పునరావృత కాల్‌కి ఒక 'యజమాని ఊరు' ఉండాలి. క్యాలెండర్‌లో ఆ ఊరి టైమ్‌జోన్‌లోనే కాల్ సృష్టించాలి. ఆ ఊళ్ళో సమయం మారదు, మిగతావాళ్ళకి మారుతుంది. ఏ ఊరన్నది టీమ్ ఒప్పుకోవాలి. మన దగ్గర రాత్రి పిల్లల్ని పడుకోబెట్టే వేళ కాల్ పడుతుంటే ఆరు నెలలకోసారి బరువు అటు మార్చాలి. చలికాలంలో మన సాయంత్రం 6:30 అంటే డాలస్‌లో ఉదయం 7. వాళ్ళూ కొన్ని నెలలు త్వరగా లేవవచ్చు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

ఈ తేడా అసలు దెబ్బ కొట్టేది మాత్రం 'హాయ్' దగ్గర. విజయవాడలో మంగళవారం ఉదయం 10కి ఒకరు 'హాయ్ సార్, ఆర్ యు దేర్?' అని పెట్టి ఊరుకుంటారు. వేసవి అయితే డాలస్‌లో అప్పుడు సోమవారం రాత్రి 11:30. అతను మంగళవారం పొద్దున 8:30కి చూసి 'హాయ్, చెప్పు' అంటాడు. మనకి అది రాత్రి 7, ల్యాప్‌టాప్ మూసేశారు. బుధవారం ఉదయం ప్రశ్న వెళ్తుంది, బుధవారం రాత్రి జవాబు వస్తుంది, గురువారం పొద్దున చూస్తారు. పలకరింపుతోపాటే ప్రశ్న కూడా రాసుంటే బుధవారం పొద్దునకే జవాబు చేతిలో ఉండేది. ముందు పలకరించి తర్వాత పని చెప్పడం మన మర్యాదే, దాన్ని వదులుకోనక్కర్లేదు. రెండూ ఒకే సందేశంలో పెడితే చాలు.

రోజు ముగించేటప్పుడు అవతలి ఊరికి పని అప్పగించే నోట్ ఐదు వరుసల్లో ఉండాలి. నమూనా ఇది:

టికెట్ 412, పేమెంట్ పేజీలో ఎర్రర్.
అయింది: కార్డ్ చెల్లింపు సరిచేశాను, కోడ్ రివ్యూకి పెట్టాను.
మిగిలింది: యూపీఐ చెల్లింపు. మొదటి ప్రయత్నంలోనే సమయం మించి ఆగిపోతోంది.
కావలసింది: టెస్ట్ ఖాతా అనుమతి. డాలస్ సమయం బుధవారం ఉదయం 11లోపు ఇవ్వండి.
రాకపోతే: గురువారం యూపీఐ పక్కనపెట్టి రీఫండ్ పని మొదలుపెడతాను.

ఇందులో ఆయువుపట్టు చివరి వరుస. జవాబు రాకపోయినా పని ఆగదని అది చెబుతుంది, జవాబు ఇవ్వకపోతే ఏం పోతుందో కూడా చెబుతుంది. 'వర్కింగ్ ఆన్ పేమెంట్ ఇష్యూ' అనే రోజువారీ అప్‌డేట్‌తో దీన్ని పోల్చి చూడండి. అది మూడు రోజులు వరసగా అతికించినా ఎవరూ గమనించరు. చాలాచోట్ల జరుగుతున్నది అదే.

ఏ మాట ఎక్కడ

టీమ్స్, స్లాక్ లాంటి చాట్ యాప్‌లు, మెయిల్, టికెట్లు నమోదు చేసే జిరా, వాట్సాప్ అన్నీ ఉన్న టీమ్‌లో ఏది ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. ఏ టూల్ మంచిదన్న వాదన కన్నా, ఏ టూల్‌కి ఎంతలో జవాబు వస్తుందన్న ఒప్పందం ముఖ్యం. ఒక మాదిరి టీమ్‌కి సరిపోయే కొలత ఇలా ఉంటుంది. సర్వర్ పడిపోయిందా, ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే. ఇవాళ కావాలా, టీమ్ ఛానెల్‌లో రాయి, పనివేళల్లో మూడు గంటల్లో జవాబు. ఈ వారం కావాలా, టికెట్‌లో రాయి, ఒక పనిరోజు గడువు. డాక్యుమెంట్ చదివి అభిప్రాయం చెప్పాలా, రెండు పనిరోజులు. ఈ నాలుగూ ఛానెల్ పైభాగంలో పిన్ చేసి పెట్టాలి. అప్పుడు చాట్‌కి ఐదు నిమిషాల్లో జవాబు ఇవ్వకపోతే నేరమన్న భయం పోతుంది, ఫోన్ మోగితే నిజంగానే అత్యవసరమన్న నమ్మకం వస్తుంది.

వాట్సాప్ గ్రూప్ గురించి ఒక మాట. కరెంటు పోయింది, ట్రాఫిక్‌లో ఉన్నాను, పాపకి జ్వరం, వీటికి అది బంగారం. నిర్ణయాలకు పనికిరాదు. పండగ శుభాకాంక్షల బొమ్మల మధ్య 'ఓకే, పాత వెర్షనే ఉంచుదాం' అన్న వాక్యం ఒక నెల తర్వాత దొరకదు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో కూడా 90 రోజులు దాటిన సందేశాలు కనపడవు. చిన్న సంస్థలు అది తెలియక అందులోనే అన్నీ ఉన్నాయనుకుంటాయి.

అందుకే నిర్ణయాలకు విడిగా ఒక పేజీ ఉండాలి. ఒక్కో నిర్ణయానికి తేదీ, ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏ దారి వద్దనుకున్నాం, ఎవరు ఒప్పుకున్నారు అని ఐదు సంగతులు. రాయడానికి మూడు నిమిషాలు పడుతుంది. 'వద్దనుకున్న దారి' రాయడం చాలామంది వదిలేస్తారు. నిజానికి ఆరు నెలల తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ లేవనెత్తేది సరిగ్గా ఆ దారినే.

కాల్ పెట్టక తప్పనప్పుడు

మామూలు సంభాషణలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఉండే ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు, అంటే దాదాపు 200 మిల్లీసెకన్లు. పది భాషల మీద చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఇది తేలింది. నెట్‌లో మాట వెళ్ళడానికి పట్టే ఆలస్యం ఒకవైపు 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మంచిదని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం జీ.114 సిఫారసు చెబుతుంది. రెండూ కలిపి చూస్తే కాల్‌లో అందరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి 'సారీ, మీరు చెప్పండి' అనడం ఎందుకో తెలుస్తుంది. మీరు ఖాళీ అనుకున్న క్షణానికి అవతల ఇంకొకరు మొదలుపెట్టేశారు, అది మీ దాకా రాలేదంతే. మర్యాదస్తులు రెండుసార్లు ఇలా తగిలాక ఇక నోరు విప్పరు. గొంతు పెద్దవాళ్ళదే కాల్ అవుతుంది.

దీనికి మందు వరస. నడిపేవాళ్ళు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. మన టీమ్‌లలో ఇంకో జాగ్రత్త కావాలి: చిన్నవాళ్ళ నుంచి మొదలుపెట్టి మేనేజర్‌ని చివర ఉంచాలి. 'సార్' తన అభిప్రాయం చెప్పేశాక మిగతా ఏడుగురి అభిప్రాయమూ అదే అయిపోతుంది. అది సంస్కారమే కావచ్చు, చిన్నవాళ్ళ కంటపడిన లోపం సంగతి మాత్రం బయటికి రాదు.

చర్చించాల్సిన కాగితం ఒకటిన్నర పేజీ మించకుండా ఒకరోజు ముందు పంపాలి. అయినా సగంమంది చదవకుండానే వస్తారు. అందుకని మొదటి ఐదు నిమిషాలు అందరూ మౌనంగా చదవడానికే ఇవ్వాలి. ఎబ్బెట్టుగా అనిపించినా పనిచేస్తుంది. తేలినవి కాల్ అయ్యాక కాకుండా కాల్ నడుస్తుండగానే, తెర మీద అందరికీ కనపడేలా రాయాలి. రాసేటప్పుడు 'చెయ్యాలి' అన్న ప్రతి వాక్యం ముందు పేరు ఉందో లేదో చూడాలి. రోజువారీ స్థితి చెప్పుకునే కాల్ మాత్రం చాలా టీమ్‌లకి అనవసరం. పైన చెప్పిన ఐదు వరుసల నోట్ సరిగా రాస్తే వారానికి రెండు కాల్స్ చాలు.

కొందరు ఆఫీసు గదిలో, కొందరు ఇళ్ళలో ఉండే కాల్స్ అన్నిటికంటే కష్టం. గదిలోవాళ్ళు తమలో తాము గొణుక్కున్నది ఇంట్లో ఉన్నవాళ్ళకి వినపడదు. గదిలో ఉన్నా సరే ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్ళు విడిగా చేరాలి, ఒక్క పరికరానికి తప్ప మిగతావాటి మైకు, స్పీకరు రెండూ ఆపాలి. స్పీకరు ఆపడం మరిచిపోతే గది అంతా కీచుమంటుంది.

ధ్వని గురించి కూడా చెప్పుకోవాలి, బొమ్మ కన్నా అదే ముఖ్యం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో పాటలు బ్రహ్మాండంగా వినపడతాయి, మైకు ఆన్ కాగానే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. మామూలు బ్లూటూత్ మైకు పనిచేసేటప్పుడు తక్కువ నాణ్యత గల ధ్వని పద్ధతికి మారిపోవడమే కారణం. నోటి దగ్గరికి మైకు వచ్చే వైరు హెడ్‌సెట్ దీనికన్నా మేలు. తల మీద తిరిగే ఫ్యాను గాలి నేరుగా మైకుకి తగలకుండా చూసుకోవాలి. కుక్కర్ విజిల్‌కి మ్యూట్ ఒక్కటే దారి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో వైఫై రూటర్ ఆగి మళ్ళీ లేస్తుంది. లేచి కుదురుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టాలి. లేదంటే రూటర్‌కీ, ఫైబర్ బాక్సుకీ 12 వోల్టుల చిన్న యూపీఎస్ తగిలించాలి. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసుకోవాలి. నెట్ నీరసంగా ఉంటే ముందు కెమెరా ఆపాలి. ఒక్క గొంతుకి సెకనుకి వంద కిలోబిట్లలోపే సరిపోతుంది, హెచ్‌డీ వీడియోకి రెండు మూడు మెగాబిట్లు కావాలి.

ఆకుపచ్చ చుక్క

టీమ్స్‌లో ఐదు నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోకపోతే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పసుపు అవుతుంది. కొందరు మేనేజర్లు దాన్ని చూసి హాజరు వేస్తారు. ఫలితం ఊహించిందే: చుక్క పచ్చగా ఉంచడానికి మౌస్ కదిపే పరికరాలు మార్కెట్లోకి వచ్చాయి. చుక్క చూస్తే మనిషి కుర్చీలో ఉన్నాడో లేదో కూడా సరిగా తెలియదు, పని ఎక్కడ ఆగిందో అసలే తెలియదు. ఆ రెండోది తెలియాలంటే ఆగిపోయానని చెప్పడం సులువవ్వాలి.

ఎక్కువగా ఇరుక్కునేది కొత్తగా చేరిన ఫ్రెషర్లు. ఆఫీసులో అయితే పక్క సీటు అక్క మొహం చూసి అడిగేది. ఇంట్లో ఆ అబ్బాయి రెండు రోజులు గింజుకుని, చివరికి ఒక సీనియర్‌కి విడిగా మెసేజ్ పెడతాడు, ఛానెల్‌లో అడిగితే 'ఇది కూడా తెలీదా' అంటారని. వచ్చే వారం ఇంకో ఫ్రెషర్ అదే ప్రశ్న అదే సీనియర్‌ని అడుగుతాడు. ముప్ఫై నిమిషాలు ప్రయత్నించి కదలకపోతే ఛానెల్‌లో అడగాలన్నది నియమంగానే పెట్టాలి. నియమం అయితే అడగడం తెలివితక్కువతనం అవదు, అడగకపోవడం తప్పవుతుంది. ఇది పనిచెయ్యాలంటే మొదటి వారాల్లో లీడ్ తన ప్రశ్నలు కూడా అక్కడే అడగాలి. లీడ్ అడగని చోట ఫ్రెషర్ అడగడు.

అడిగే పద్ధతి కూడా నేర్పాలి: ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది. ఎర్రర్‌ని అక్షరాలుగా అతికించాలి. ఫోన్‌తో తెరని ఫోటో తీసి పంపితే దాన్ని ఎవరూ కాపీ చెయ్యలేరు, వెతికినా దొరకదు, మూలలో ట్యూబ్‌లైట్ మెరుపు అదనం.

విడిగా మాట్లాడుకునే అరగంట కూడా ఉండాలి, ప్రతి మనిషితో రెండు వారాలకోసారి. అందులో టికెట్ల ప్రస్తావన రాకూడదు. 'ఇంట్లోనే ఉన్నావుగా' అంటూ పగలంతా పనులు చెప్పే పెద్దవాళ్ళ మధ్య, ఒకే గదిలో ఇద్దరు కాల్స్ తీసుకునే ఇళ్ళలో పని ఎలా సాగుతోందో చెప్పుకోవడానికి వేరే చోటు ఉండదు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టిన టీమ్‌లో నెలకి ఒక్కటీ మిగలదు. ఐదు వరుసల నోట్, నిర్ణయాల పేజీ, ఈ రెంటితో మొదలుపెట్టి, సెలవు నుంచి వచ్చినవాళ్ళని చూస్తూ మిగతావి కలుపుకోవచ్చు. సంక్రాంతి దీనికి మంచి సందర్భం. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ డాలస్‌లో పని నడుస్తూనే ఉంటుంది. ఊరెళ్ళి తిరిగొచ్చిన మనిషి ల్యాప్‌టాప్ తెరిచి, ఎవరికీ ఫోన్ చెయ్యకుండా, అరగంటలో పని అందుకోగలిగాడా? అందుకోలేకపోతే ఎవరెవరికి ఫోన్ చేశాడో, ఏమేం అడిగాడో అతన్నే రాసిపెట్టమనండి. ఆ నాలుగు ప్రశ్నలకి జవాబులు ఎక్కడ రాసి ఉండాల్సిందో వెతికి, అక్కడ రాయండి. ఆ రాసే పని ఎవరిదో పేరుతో సహా.